పాత ఆటోమేటిక్ కారులో గేర్లు ఆలస్యంగా మారుతున్నాయి: కేబుల్ సరిచేయాలా, మరేదైనా చూడాలా?

సుబేదారి_124 | ఆదివారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 1991 నాటి మెర్సిడెస్ 230ఈ ఉంది. డబ్ల్యూ124 బాడీ, నాలుగు గేర్ల ఆటోమేటిక్, పెట్రోల్ ఇంజన్. మా మేనమామ వాడి నాకు ఇచ్చిన కారు కనుక దీనిని అమ్మే ఉద్దేశం లేదు. ఆరు నెలల క్రితం రెండో గేరు నుంచి మూడో గేరులోకి మారేటప్పుడు వెనుక నుంచి ఎవరో నెట్టినట్టు గట్టిగా కుదుపు రావడం మొదలైంది. హైదరాబాద్‌లో ఒక గ్యారేజీకి తీసుకువెళితే, అక్కడి మెకానిక్ యాక్సిలరేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుల్‌ను బిగించి, ఇక సర్దుకుంటుందని చెప్పి పంపించారు. కుదుపు తగ్గలేదు సరికదా, ఇప్పుడు గేర్లు మారడమే ఆలస్యమైంది. పెడల్‌ను తేలికగా తొక్కినా మూడో గేరు 45 కిలోమీటర్ల వేగం దగ్గర, నాలుగో గేరు 70 దాటాక పడుతున్నాయి. హనుమకొండ చౌరస్తా రద్దీలో ఇంజన్ అరుస్తూ ఉంటే పక్కనున్న ఆటోవాళ్లు తిరిగి చూస్తున్నారు. మరో గ్యారేజీలో గేర్‌బాక్స్ మొత్తం విప్పాలని, లక్షన్నరకు తక్కువ కాదని చెప్పారు. విప్పే ముందు ఇంట్లో మనం చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

నర్సంపేట_స్టీరింగ్ | ఆదివారం, రాత్రి 9:45

అన్నా, ఇది చిన్న పని. గేర్‌బాక్స్ పక్కన వ్యాక్యూమ్ పైపు తగిలించిన గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. దాని మీద రబ్బరు టోపీ తీస్తే లోపల తాళంచెవి ఆకారంలో ఒక స్క్రూ కనిపిస్తుంది. దానిని ఎడమవైపు రెండు మూడు చుట్లు తిప్పితే కుదుపు పోతుంది. మా ఊరిలో ఒకరి కారుకు అలాగే చేశారు, వెన్నలా మారింది.

జగిత్యాల_దమ్మాం | ఆదివారం, రాత్రి 10:30

పైన తమ్ముడు చెప్పిన పనిని దయచేసి ఎవరూ ముందుగా చేయవద్దు. నేను పద్నాలుగేళ్లు దమ్మాంలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల పని చేసి వచ్చాను. అలా వెన్నలా మారిన గేర్‌బాక్స్‌లు కొన్ని నెలలకే నల్లబడ్డ క్లచ్ ప్లేట్లతో నా బల్ల మీదికి వచ్చేవి. ఆ స్క్రూను ఎడమవైపు తిప్పితే లోపల క్లచ్‌ను నొక్కి పట్టే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ప్లేట్లు ఒక్కసారిగా పట్టుకోకుండా కాసేపు జారి, ఆ తరువాత పట్టుకుంటాయి. మనకు మెత్తగా అనిపించేది ఆ జారుడే, ప్లేట్లను తినేసేది కూడా అదే.

సుబేదారి అన్నగారూ, మీరు ఒకే జబ్బుగా చెప్పినవి నిజానికి రెండు. గేరు ఎప్పుడు మారుతుందన్నది ఒకటి, మారేటప్పుడు ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది మరొకటి. మీ కారులోని 722.4 రకం గేర్‌బాక్స్‌లో మొదటిదాన్ని ముఖ్యంగా కేబుల్, బండి వేగాన్ని పసిగట్టే లోపలి గవర్నర్ కలిసి నిర్ణయిస్తాయి. రెండోదాన్ని వ్యాక్యూమ్ మాడ్యులేటర్, అంటే తమ్ముడు చెప్పిన ఆ గుండ్రటి డబ్బా, నిర్ణయిస్తుంది. మీకు మొదట వచ్చింది రెండో జబ్బు, ఆ మెకానిక్ మందు వేసింది మొదటిదానికి. అందుకే ఉన్నది పోలేదు, లేనిది వచ్చింది.

కేబుల్‌ను ముట్టుకోకముందు నాకు మూడు సంగతులు చెప్పండి. ఆయిల్ మట్టం ఎంత ఉంది, ఆయిల్ రంగు, వాసన ఎలా ఉన్నాయి, మాడ్యులేటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ పైపు స్థితి ఏమిటి? ఆయిల్ చూసేటప్పుడు కారు సమతలమైన నేల మీద ఉండాలి, లివర్ పార్కింగ్‌లో ఉండాలి, ఇంజన్ నడుస్తూ ఉండాలి. ఇంజన్ ఆపి చూసే అలవాటు చాలామందికి ఉంది, ఈ గేర్‌బాక్స్ విషయంలో అది తప్పుడు లెక్క ఇస్తుంది. డిప్‌స్టిక్ మీది రెండు గుర్తులు ఆయిల్ 80 డిగ్రీల వేడిలో ఉన్నప్పటివి. ఇరవై నిమిషాలైనా నడిపి వచ్చాక చూస్తేనే వాటికి అర్థం ఉంటుంది. చల్లగా, 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు మట్టం కింది గుర్తుకన్నా సుమారు 10 మిల్లీమీటర్లు తక్కువగా కనిపించడం సహజం. రెండు గుర్తుల మధ్య తేడా 300 మిల్లీలీటర్లే, కాబట్టి సీసా వంచేసి పోయకండి. తుడిచే గుడ్డ నూలు పోగులు రాలనిదై ఉండాలి. సన్నని పోగు ఒక్కటి వాల్వ్‌లో ఇరుక్కున్నా మనం మాట్లాడుకుంటున్న జబ్బులే వస్తాయి.

కాజీపేట_షెడ్ | సోమవారం, ఉదయం 6:20

నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైనవాడిని. కార్ల గేర్‌బాక్స్ నా విద్య కాదు కానీ వ్యాక్యూమ్ అన్న మాట చూడగానే ఊరుకోలేకపోయాను. పాతకాలపు రైళ్లలో వ్యాక్యూమ్ బ్రేకులు ఉండేవి. రైలు పొడవునా ఉన్న పైపులో వ్యాక్యూమ్ నిలిచినంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి, ఎక్కడైనా పైపు ఊడినా చిరిగినా గాలి లోపలికి చొరబడి బ్రేకులు వాటంతట అవే పడతాయి. కీడు జరిగితే రైలు ఆగాలి తప్ప పరుగెత్తకూడదన్నది ఆ ఏర్పాటులోని ఆలోచన. ఈ మాడ్యులేటర్ కూడా అదే పద్ధతిలో పనిచేస్తుందా? అంటే వ్యాక్యూమ్ పోతే గేరు మరింత గట్టిగా పట్టుకుంటుందా?

జగిత్యాల_దమ్మాం | సోమవారం, ఉదయం 7:05

సార్, మీరు ఒక్క మాటలో పట్టేశారు. పెట్రోల్ ఇంజన్‌లో పెడల్ వదిలినప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో, వ్యాక్యూమ్ ఎక్కువగా ఉంటుంది, పూర్తిగా తొక్కినప్పుడు దాదాపు సున్నా అవుతుంది. మాడ్యులేటర్ ఆ తేడాను చూసి ఇంజన్ మీద ఎంత బరువు పడుతోందో అంచనా వేస్తుంది. వ్యాక్యూమ్ అందకపోతే ఇంజన్ పూర్తి బలంతో లాగుతోందని అనుకుని ఒత్తిడి మొత్తం ఇచ్చేస్తుంది. కుదుపు వస్తుంది, ప్లేట్లు మాత్రం బతుకుతాయి. డీజిల్ కార్లలో మానిఫోల్డ్‌లో అలాంటి వ్యాక్యూమ్ ఉండదు కాబట్టి విడిగా ఒక పంపు, దాన్ని పెడల్‌కు తగినట్టు తగ్గించడానికి ఇంజెక్షన్ పంపు మీద ఒక వాల్వ్ పెడతారు. అక్కడ తప్పు జరగగల చోట్లు ఇంకా ఎక్కువ.

కాజీపేట_షెడ్ | సోమవారం, ఉదయం 7:30

అయితే వెతకవలసింది రబ్బరును. లోహపు పైపు, ప్లాస్టిక్ పైపు ఏళ్ల తరబడి ఉంటాయి, వాటిని కలిపే చిన్న రబ్బరు మోచేతులే ఇంజన్ వేడికి ఎండి పగులుతాయి. పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తాయి, వేలితో వంచితే కింది వైపు నోరు తెరుస్తాయి. ఓరుగల్లు ఎండల్లో ముప్పై ఏళ్లు తిరిగిన రబ్బరును కంటితో చూసి నమ్మవద్దు.

లెక్కల_సార్ | సోమవారం, రాత్రి 8:15

ఇంజనీరింగ్ విద్యార్థులకు యంత్రశాస్త్రం చెప్పే వృత్తి నాది. గేరు మారే క్షణం ఎలా నిర్ణయమవుతుందో చెబితే మిగతా చర్చ తేలికవుతుందని రాస్తున్నాను. కంప్యూటర్ లేని ఈ గేర్‌బాక్స్‌లో షిఫ్ట్ వాల్వ్ అనేది మన కూరగాయల తరాజు వంటిది. ఒక పళ్లెంలో బండి వేగం, రెండో పళ్లెంలో డ్రైవర్ కోరిక. బయటికి వెళ్లే షాఫ్ట్‌తో పాటు తిరిగే గవర్నర్‌లో చిన్న బరువులు ఉంటాయి. బండి వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసిరినట్టై ఆయిల్ ఒత్తిడిని పెంచుతాయి. ఆ ఒత్తిడి వాల్వ్‌ను పై గేరు వైపు నెడుతుంది. పెడల్‌తో కదిలే కేబుల్ మరో ఒత్తిడిని పుట్టించి, ఒక స్ప్రింగ్ సాయంతో వాల్వ్‌ను వెనక్కి పట్టుకుంటుంది. వేగం పళ్లెం బరువెక్కిన క్షణంలో గేరు మారుతుంది.

కాబట్టి కేబుల్‌ను బిగించడం అంటే డ్రైవర్ పెడల్‌ను అసలు కన్నా ఎక్కువగా తొక్కాడని గేర్‌బాక్స్‌కు అబద్ధం చెప్పడమే. డ్రైవర్ కోరిక పళ్లెంలో అదనంగా ఒక రాయి పడుతుంది, గేరు ఆలస్యమవుతుంది. వదులు చేస్తే తొందరపడి మారుతుంది, ఇంజన్ కింది వేగాల్లో ఈడ్చుకుంటుంది. తిరిగే వస్తువు బయటికి విసిరే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే 30 నుంచి 60 కిలోమీటర్లకు వెళితే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అందుకే గవర్నర్ ఒత్తిడి తక్కువ వేగాల్లో చాలా బలహీనంగా ఉంటుంది. మాడిన ఆయిల్ పేరుకుని గవర్నర్ కాస్త అంటుకున్నా చిన్న గేర్ల మార్పులే ముందు దెబ్బతింటాయి.

మరొక చిన్న సంగతి. టైర్ల సైజు మార్చారా? 195/65 ఆర్15 బదులు 205/65 వేస్తే చక్రపు వ్యాసం 634 నుంచి 647 మిల్లీమీటర్లకు, అంటే రెండు శాతం పెరుగుతుంది. గేరు మారే అసలు వేగం అంతే పెరుగుతుంది కానీ స్పీడోమీటర్ కూడా గేర్‌బాక్స్ వెనుక నుంచే నడుస్తుంది కనుక ముల్లు మాత్రం పాత సంఖ్యనే చూపుతుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి కొలవడం మేలు.

హుజూరాబాద్_డ్రైవర్ | సోమవారం, రాత్రి 9:00

నా దగ్గర కూడా ఇదే రకం బండి ఉంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు రెండో గేరులోనే కదులుతుంది. మొదటి గేరు ఎక్కడ పోయిందో తెలియడం లేదు. ఇది కూడా కేబుల్ తప్పేనా?

జగిత్యాల_దమ్మాం | సోమవారం, రాత్రి 9:20

కాదు బావా, ఈ గేర్‌బాక్స్ పుట్టుకే అంత. మామూలుగా తొక్కితే రెండో గేరులోనే కదులుతుంది, గట్టిగా తొక్కితేనే మొదటిది పడుతుంది. దాన్ని బాగు చేయించుకోవడానికి డబ్బు పెట్టకండి.

సుబేదారి_124 | బుధవారం, రాత్రి 8:40

మీరందరూ చెప్పినట్టే వరుసగా చూశాను. హసన్‌పర్తి దాకా నడిపి వచ్చి వేడిగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీస్తే మట్టం కింది గుర్తుకన్నా వేలెడు తక్కువగా ఉంది. ఆయిల్ రంగు ఎరుపు పోయి గోధుమరంగుకు వచ్చింది కానీ మాడు వాసన లేదు. మాడ్యులేటర్ దగ్గర పైపు తీసి చూశాను, లోపల ఆయిల్ తడి లేదు. షెడ్ సార్ చెప్పిన రబ్బరు మోచెయ్యి మానిఫోల్డ్ చివర ఉంది. పైనుంచి నిగనిగలాడుతోంది, వంచగానే కింది వైపు అడ్డంగా చీలిక కనిపించింది. వరంగల్ చౌరస్తాలో ఒక స్పేర్‌పార్ట్స్ దుకాణంలో అదే లోపలి వ్యాసం ఉన్న వ్యాక్యూమ్ గొట్టం ముక్క దొరికింది, దానిని వేశాను. మొదటి మలుపు తిరిగే లోపే తేడా తెలిసింది. కుదుపు ముప్పాతిక వంతు పోయింది. గేర్లు ఆలస్యంగా మారడం మాత్రం అలాగే ఉంది.

జగిత్యాల_దమ్మాం | బుధవారం, రాత్రి 9:15

పైపులో ఆయిల్ లేకపోవడం మంచి వార్త. మాడ్యులేటర్ లోపలి పొర చిరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌ను పైపు ద్వారా పీల్చి కాలుస్తుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది, ఆయిల్ ఎక్కడికి పోతోందో తెలియక మనుషులు నెలల తరబడి కింద చుక్కల కోసం వెతుకుతారు.

ఇప్పుడు ఆయిల్ మార్చండి. డెక్స్‌రాన్ 2 లేదా 3 రకం కావాలి. కొత్త కార్ల కోసం అమ్మే ఖరీదైనది అక్కరలేదు. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌తో పాటు, ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌కు కూడా డ్రెయిన్ బోల్టు ఉంటుంది, ఇంజన్‌ను కొద్దికొద్దిగా తిప్పితే కింది కిటికీలో కనిపిస్తుంది. రెండూ ఖాళీ చేస్తే సుమారు 6 లీటర్లు పడుతుంది. ఫిల్టర్, పాన్ గ్యాస్కెట్ కొత్తవి వేయండి. పాన్ బోల్టులకు 8 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మన మెకానిక్‌ల మణికట్టు బలానికి ఆ చిన్న దారాలు నిలవవు, టార్క్ రెంచ్ అడిగి తెచ్చుకోండి. పాన్ అడుగున బూడిద లాంటి సన్నని మడ్డి ఉంటే వయసుకు తగినదే. లోహపు తునకలో, నల్లని ప్లేటు ముక్కలో ఉంటే ఫోటో పెట్టండి, అప్పుడు సంభాషణ మారుతుంది. ఆయిల్ రోజ్ మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లు పడి నీళ్లు కలిశాయని అర్థం, అలా ఉంటే ఇంజన్ స్టార్ట్ చేయనే వద్దు.

కేబుల్ సంగతి ఆయిల్ మార్చిన తరువాత. ఇంజన్ ఆపి, పెడల్ పూర్తిగా వదిలిన స్థితిలో, థ్రాటిల్ లింకేజీ (పెడల్‌తో కదిలి ఇంజన్ గాలి దారిని తెరిచే కడ్డీలు) దగ్గర కేబుల్ చివర ఉన్న గుండు సాకెట్‌ను ఊడదీయండి. కేబుల్‌ను వెనక్కి నెట్టి, మెల్లగా ముందుకు లాగండి. సన్నని నిరోధం చేతికి తగిలిన చోట ఆపండి. అక్కడ సాకెట్ లింకేజీ మీది గుండుకు సరిగ్గా ఎదురుగా, ఏ బిగువూ లేకుండా ఉండాలి. మీ మెకానిక్ బిగించారు కాబట్టి అది గుండును దాటి వెనక్కి ఉంటుందని నా ఊహ. అడ్జస్టర్‌ను తిప్పి రెండింటినీ కలపండి. అదే మీ మొదలు, అక్కడి నుంచి ఏదైనా రుచి కోసం మార్చాలంటే ఒకసారికి ఒక చుట్టు, మార్చిన ప్రతిసారీ అదే రోడ్డు మీద అదే తీరులో నడిపి కొలవండి.

నర్సంపేట_స్టీరింగ్ | బుధవారం, రాత్రి 9:40

అన్నా, నేను ముందు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఊరి కారు పోయిన నెల నుంచి మూడో గేరులోకి మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారిగా అరిచి ఆ తరువాత పట్టుకుంటోందట. ఇప్పుడు ఆ స్క్రూను మళ్లీ కుడివైపు తిప్పితే సరిపోతుందా? ఇంకొకటి, ఇదే కేబుల్ పద్ధతి టొయోటాలకు కూడా వర్తిస్తుందా?

జగిత్యాల_దమ్మాం | బుధవారం, రాత్రి 10:10

ఆ అరుపే జారుడు తమ్ముడూ. ముందు ఆయిల్ వాసన చూడమనండి. మాడు వాసన లేకపోతే స్క్రూను కుడివైపు అర చుట్టు చొప్పున తిప్పుతూ అరుపు పోయేదాకా తేవచ్చు. మాడు వాసన వస్తే ప్లేట్లు అప్పటికే పలుచబడ్డాయి, స్క్రూ వాటిని తిరిగి మందం చేయదు.

కేబుల్ విషయంలో ఒక బండి సూత్రాన్ని మరో బండికి అంటగట్టకూడదు. ఏ340 వంటి పాత టొయోటా గేర్‌బాక్స్‌లలో కేబుల్ మీద ఒక చిన్న లోహపు ముద్ర ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకున్నప్పుడు ఆ ముద్రకు, రబ్బరు తొడుగు చివరకు మధ్య దూరం 0 నుంచి 1 మిల్లీమీటర్ లోపల ఉండాలి. అక్కడ కొలత పూర్తి థ్రాటిల్‌లో, మెర్సిడెస్‌లో పెడల్ వదిలిన స్థితిలో. 1982 నుంచి వచ్చిన జనరల్ మోటార్స్ 700ఆర్4 గేర్‌బాక్స్‌లో కేబుల్ గేరు మారే వేగాన్ని మాత్రమే కాక ఆయిల్ ఒత్తిడిని కూడా శాసిస్తుంది. దమ్మాంలో కార్బ్యురేటర్ మార్పించుకుని, ఆ కేబుల్‌ను వదులుగా వదిలేసి వచ్చిన పెద్ద అమెరికన్ బండ్లు కొద్ది రోజుల్లోనే మూడు, నాలుగు గేర్ల క్లచ్‌ను కాల్చుకునేవి. అక్కడ కేబుల్ వదులు చేయడమంటే గేర్‌బాక్స్‌ను చంపడమే. మీ మెర్సిడెస్‌లో అంత ప్రమాదం లేదు, కానీ అలవాటు మంచిది కాదు.

హుజూరాబాద్_డ్రైవర్ | గురువారం, ఉదయం 10:05

మా అబ్బాయి కొత్త కారు ఏఎంటీ. అందులో కూడా ఇలా కేబుల్ సరిచేయవచ్చా?

లెక్కల_సార్ | గురువారం, మధ్యాహ్నం 1:30

సరిచేయడానికి అందులో ఈ కేబుల్ లేదు. ఏఎంటీ నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్, క్లచ్‌ను కాలికి బదులు కంప్యూటర్ ఆదేశంతో యంత్రం తొక్కుతుంది. అందులో గేరు మారే వేగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. పట్టు తేడా వస్తే స్కానర్ పెట్టి క్లచ్ పట్టుకునే స్థానాన్ని మళ్లీ నేర్పిస్తారు. అది వేరే చర్చకు తగిన విషయం.

సుబేదారి_124 | ఆదివారం, సాయంత్రం 6:50

ఆలస్యానికి క్షమించాలి, ఫిల్టర్ హైదరాబాద్ నుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆయిల్ మార్చాను. పాన్ అడుగున బూడిద మడ్డి తప్ప తునకలు లేవు, అయస్కాంతం పెట్టి కూడా చూశాను. కేబుల్ సాకెట్ ఊడదీస్తే దమ్మాం అన్న ఊహించినట్టే గుండును దాటి దాదాపు 6 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. అడ్జస్టర్ మీద పాత మురికి గీత చెక్కుచెదరకుండా ఉంది. మెకానిక్ బిగించక ముందు అది ఎక్కడ ఉండేదో ఆ గీతే చెప్పింది, చేతికి నిరోధం తగిలిన చోటు కూడా ఆ గీతకు ఆనుకునే వచ్చింది.

ఈ ఉదయం ఆరు గంటలకు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఎల్కతుర్తి దాకా వెళ్లి వచ్చాను. మా తమ్ముడు ఫోన్ పట్టుకుని జీపీఎస్ వేగాలు రాసుకున్నాడు. తేలికగా తొక్కితే మూడో గేరు 28 దగ్గర, నాలుగోది 47 దగ్గర పడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు 29, 48. సగం తొక్కితే 41, 66. పొద్దున మొదటిసారి, ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు మాత్రం రెండు నుంచి మూడుకు కాస్త గట్టిగానే మారుతోంది. అది రెండు మూడు కిలోమీటర్లలో పోతోంది.

ఒక్క అనుమానం మిగిలింది. ఓవర్‌టేక్ చేయడానికి పెడల్‌ను నేలకు తొక్కితే కింది గేరు పడాలి కదా, అది పడటం లేదు. కేబుల్‌ను అర చుట్టు బిగించమంటారా?

జగిత్యాల_దమ్మాం | ఆదివారం, రాత్రి 7:25

వద్దన్నా, కేబుల్‌ను ఇక వదిలేయండి, ఆ సంఖ్యలు చక్కగా ఉన్నాయి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కనుక పొద్దుటి ఆ ఒక్క గట్టి మార్పును కూడా పట్టించుకోకండి. మీరు చెప్పిన ఆ కింది గేరు పడటాన్ని కిక్‌డౌన్ అంటారు, ఈ బండిలో అది కేబుల్ పని కాదు. యాక్సిలరేటర్ పెడల్ కింద నేల మీద ఒక స్విచ్ ఉంటుంది, అది నొక్కుకుంటే గేర్‌బాక్స్ మీది సోలెనాయిడ్‌కు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వ్‌కు, 12 వోల్టుల కరెంటు వెళుతుంది. మొదట ఫ్యూజు, తరువాత స్విచ్, ఆ తరువాత సోలెనాయిడ్ తీగ చూడండి. వీటన్నిటికన్నా ముందు, ఒకరు లోపల కూర్చుని పెడల్‌ను చివరిదాకా తొక్కుతుంటే మీరు బానెట్ ఎత్తి థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి.

సుబేదారి_124 | ఆదివారం, రాత్రి 8:10

ఇప్పుడే తమ్ముడిని కూర్చోబెట్టి చూశాను. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, ఇంకా కొంత మిగిలి ఉంది. పెడల్ కిందికి టార్చి వేస్తే, పోయిన దసరాకు మా నాన్నగారు వేయించిన కొబ్బరిపీచు మ్యాట్ రెండు వేళ్ల మందాన స్విచ్ మీద పరుచుకుని ఉంది. దాన్ని తీసేసి మళ్లీ తొక్కిస్తే థ్రాటిల్ చివరిదాకా తెరుచుకుంది, స్విచ్ టక్కుమన్న శబ్దం బయటికి వినిపించింది. రేపు పొద్దున రోడ్డు మీద చూసి రాస్తాను. మ్యాట్ సంగతి నాన్నగారికి ఇంకా చెప్పలేదు.